జంపఖానవ్వ

మా అమ్మ ఫోనులో అసలు సంగతి ఎప్పుడూ ముందు చెప్పదు. బర్రె పాలు తగ్గిన సంగతి, ఎండల సంగతి, పక్కింటివాళ్లు గేటుకు వేయించిన గులాబీ రంగు సంగతి అన్నీ చెప్పి, "సరే, ఉంట మరి" అన్నాక అప్పుడు అసలు మాట బయటికి తీస్తుంది. ఆ రోజు కూడా అంతే.

"జంపఖానవ్వ పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగింది, గ్లాసు కడిగి బోర్లిచ్చింది, మంచంల ఒరిగింది. అంతే."

నేను దవాఖానలో డ్యూటీలో ఉన్నాను. ఏడుపు రావాలి కదా, ముందు నవ్వొచ్చింది. గ్లాసు కడిగి బోర్లించి మరీ పోయిందట. ఏ పనైనా సగంలో వదిలితే ఆమెకు నిద్ర పట్టేది కాదు, పోయేటప్పుడు మాత్రం వదులుతుందా? ఆ నవ్వు వెనకాలే ఏడుపూ వచ్చింది. చేతిలో బీపీ పట్టీతో అలాగే నిలబడిపోయాను. "ఏమాయె సిస్టరమ్మా, నా బీపీ గంత ఎక్కువున్నదా?" అని మంచం మీది పెద్దాయన బెదిరిపోయాడు.

ఆమె ఎవరో చెప్పాలంటే ముందు జంపఖానా గురించి చెప్పాలి.

మాది చేవెళ్లకూ మొయినాబాద్‌కూ మధ్య, మెయిన్ రోడ్డు దిగి లోపలికి వెళ్లాల్సిన ఊరు. ఊళ్లో చిన్న చర్చి. అప్పట్లో కుర్చీలు లేవు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, అందరం ఒకే పొడుగాటి జంపఖానా మీద కూర్చునేవాళ్లం. నీలం, ఎరుపు చారలది. ఎవరు ఎప్పుడు కొన్నారో తెలియదు గానీ, బరువు మాత్రం నీళ్లు తాగిన గొంగడంత ఉండేది. ఆరాధన అయ్యాక దాన్ని దులిపి, మడతపెట్టి, మూలగదిలో పెట్టాలి. ఆ పని మీద అవ్వది పెత్తనం. ఎవరో ఇచ్చిన పెత్తనం కాదు, తనకు తానే తీసుకుంది.

పెత్తనం అంటే తాను చెయ్యి వేసేది అనుకునేరు. గోడకు ఆనుకుని, ఒక చెయ్యి నడుము మీద పెట్టి నిలబడి ఇద్దరిని పిలిచేది. "ఓ పిల్లా, నువ్వు ఈ కొస వట్టు. ఓ పిలగా, నువ్వు ఆ కొస వట్టు." ఆమె లెక్కలో అరవై ఏళ్లవాడూ పిలగాడే. ఆ ఇద్దరూ ఎప్పుడూ ఒకే ఇంటివాళ్లు అయ్యుండేవాళ్లు. తల్లీ కూతురో, తండ్రీ కొడుకో. ఆ వారం ఆ ఇంట్లో ఇద్దరికీ మాటలు లేవన్నమాట.

అంత పొడుగు జంపఖానాను నోరు విప్పకుండా మడతపెట్టడం కుదరదు. చెరో కొస పట్టుకుని దులపాలి. ఏ అంచును ఏ అంచు మీదికి తేవాలో ఇద్దరూ ఒక మాట అనుకోవాలి. తర్వాత ఎదురెదురుగా నడిచి వచ్చి ఒకరి చేతి కొసలు ఒకరికి అందించాలి. ఒకరు ఇటు, ఒకరు అటు తిప్పితే మధ్యలో తాడులా మెలిపడుతుంది. మెలిపడితే అవ్వకు పండగే.

"మంచిగ రాలె. మల్ల ఇప్పుండ్రి."

ఎవరైనా జాలిపడి సాయం రాబోతే కసిరేది. "నీకింట్ల పొయ్యి లేదా? పో." అంతకు మించి ఒక్క నీతి వాక్యం చెప్పేది కాదు. తల్లిదండ్రులను గౌరవించాలనీ పిల్లల మనసు తెలుసుకోవాలనీ చెప్పడానికి పాస్టర్ అయ్యగారు ఉన్నారు, బైబిలు వాక్యం ఉంది. అవ్వకు జంపఖానా ఉంది. అయ్యగారిని కూడా ఆమె వదిలిపెట్టలేదు. ఒక ఆదివారం ఆయన ప్రేమను గురించి బాగా పొడుగ్గా ప్రసంగించి దిగగానే, ఆయనను ఒక కొసకు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చివరి వరసలో కూర్చున్న ఆయన కొడుకును ఇంకో కొసకు పిలిచింది. మేమందరం చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ గుమ్మం దగ్గరే ఉండిపోయాం.

ఎవరింట్లో ఏముందో ఆమెకు ఎలా తెలిసేదంటే, పాటల పుస్తకంతో. మా దగ్గర ఇంటికి ఒకటే పుస్తకం. తల్లి ఒక అట్ట, కూతురు ఒక అట్ట పట్టుకుని పాడాలి. ఒకరు పుస్తకం పట్టుకుని, ఇంకొకరు కిటికీ వైపు చూస్తూ నోటికొచ్చిన చరణం పాడుతుంటే అవ్వ కళ్లద్దాలు అటు తిరిగేవి. ఆ అద్దాల కాడ ఒకటి విరిగితే నల్లదారం కట్టుకుంది, అది చెవి మీదికి జారుతూ ఉండేది. తర్వాత పాటలన్నీ ఫోన్లలోకి వచ్చేశాయి. ఎవరి ఫోను వాళ్లదే. అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఇగ ఎవరింట్ల కొట్లాట ఉన్నదో నాకెట్ల తెల్వాలె?" అని అయ్యగారి మీదే ఫిర్యాదు చేసింది.

మా ఊళ్లో ఆటో నడిపే ఆయనకూ, ఆయన కొడుక్కూ బండి కొనిచ్చే విషయంలో తగాదా పడింది. కొడుకు బండి కావాలన్నాడు, తండ్రి ముందు ఇంటర్ పాసవ్వమన్నాడు. కొడుకు ఇంట్లో అన్నం తినడం మానేసి మేనత్త ఇంట్లో తిన్నాడు. అవ్వ ఇద్దరినీ పట్టించింది. వాళ్లు ఎంత బాగా మడతపెట్టినా "మంచిగ రాలె" అంటూనే ఉంది. చివరికి జంపఖానా మూలగదిలో పడేసి తండ్రీ కొడుకులిద్దరూ బయటికి వస్తూ, "ఈ ముసల్దానికి ఎంత చేసినా ఖుషీ గాదు నాయినా" అని వాడూ, "అవుర బిడ్డా, దీని నోట్ల మన్నువడ" అని ఈయనా అనుకుంటూ ఒకే ఆటోలో పోయారు. ఆ మాట అవ్వకు వినబడింది. చేతిని నోటికి అడ్డం పెట్టుకుని కిలకిలా నవ్వింది. పళ్లు ముత్యాల్లా ఉండేవి, అయినా ఎందుకో నవ్వితే నోరు మూసుకునేది.

"ఇద్దరు ఒక్కతాన కూడి నన్ను తిట్టుకుంట పోయిండ్రు. ఇంకేంగావాలె?" అంది.

అన్నిటికీ జంపఖానాయే మందని ఆమె అనుకోలేదు. మా వీధి చివరింట్లో తాగి వచ్చి పిల్లలను కొట్టే మనిషి ఒకడు ఉండేవాడు. ఎవరో తెలివిగా, "ఆయన్ని గూడ జంపఖానా పట్టియ్యరాదు అవ్వా" అన్నారు. అవ్వ నవ్వలేదు. "అది మడత పని గాదు" అంది. ఆ మధ్యాహ్నమే వెళ్లి ఆ తల్లినీ పిల్లలనూ తన ఇంటికి తెచ్చుకుంది. అయ్యగారినీ, అంగన్‌వాడీ టీచరమ్మనూ పిలిపించింది. వాడు గేటు దగ్గరికి వచ్చి అరిస్తే, బర్రెకు కుడితి కలుపుతున్న బకెట్‌ను చేత్తో పట్టుకునే బయటికి వచ్చి నిలబడింది. వాడు ఆ కుడితి బకెట్ వైపు చూసి వెనక్కి తిరిగాడు. ఆ పిల్లలు ఆమె ఇంట్లో చాలా కాలం ఉన్నారు. బడికి అక్కడి నుంచే పోయారు.

సోమవారం ఆమెకు ఇంకో పని. ఆదివారం ఎవరు మడతపెట్టారో వాళ్లింటికి వెళ్లి, "మీ ఇంట్ల జల్లెడ ఉన్నదా?" అని అడిగేది. ఆమె ఇంట్లో జల్లెడలు లేక కాదు. జల్లెడ తెచ్చేలోపు గుమ్మంలో కూర్చుని, చాయ్ తాగి, ఇంట్లో ఎవరి ముఖం ఎటు తిరిగి ఉందో చూసుకుని, కొంగులోని కొత్తిమీర కట్ట అరుగు మీద పెట్టి పోయేది. జల్లెడ మాత్రం మరిచిపోయేది.

ఇక మా ఇంటి సంగతి.

మా ఇంట్లో మాట మానేయడం పాత ఆస్తి. మా తాత బోరు ఒకచోట వేయమంటే, బాపు ఇంకోచోట వేయించాడు. నీళ్లు పడలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు లేవు. ఒకే వాకిలి, ఒకే అరుగు, మధ్యలో మాటలు మోసే పోస్టాఫీసు మా నానమ్మ. తాత మంచాన పడ్డాక బాపు రోజూ వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చునేవాడు. కాళ్లు ఒత్తేవాడు కూడా. మాట మాత్రం రాలేదు. తాతను మట్టి చేసి వచ్చిన సాయంత్రం, బాపు ఆ ఎండు బోరు దగ్గర ఒక్కడే కూర్చుని దాని మూతను అరచేత్తో రుద్దుతూ ఉండటం నేను చూశాను.

ఇంటర్ అయ్యాక నేను మొయినాబాద్ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో చేరాను. బాపు కారెట్ పండించి ట్రాలీ ఆటోలో మెహిదీపట్నం తోలేవాడు. నేను చేరిన వారమే ఆ ట్రాలీ వెనక పెయింటరుతో నా పేరు రాయించి, పక్కన బీటెక్ అని కూడా రాయించాడు. నేను ఇంకా లాబ్ కోటు కూడా కొనలేదు. ఏడాది గడిచేసరికి నాకు అర్థమైంది, నా మనసు అక్కడ లేదని. నర్సింగ్‌లో చేరతానని బాపుకు చెప్పాను. ఆయన అప్పుడు తొట్టిలో కారెట్లు కడుగుతున్నాడు. కడగాల్సినవన్నీ కడిగాడు, సంచులకు ఎత్తాడు, ట్రాలీ ఎక్కాడు. మర్నాడు చూస్తే ట్రాలీ వెనక బీటెక్ మీద నల్ల టేపు అతికించి ఉంది.

ఆ రోజు నుంచి ఇంట్లో నాకు పేరు పోయింది. "ఆమెను అన్నం తినుమను", "ఆమె ఎన్నిగంటలకు పోతదో అడుగు." నేనూ తక్కువ తినలేదు, "ఆయనకు చెప్పు" అనేదాన్ని. మధ్యలో మా అమ్మ. "నేనేమన్న టెలిఫోన్ టవర్‌నా? మీ నానమ్మకు పట్టిన గతి నాకు వట్టియ్యకుండ్రి" అని ఇద్దరినీ కలిపి తిట్టేది.

నాకు కోపం కంటే భయమే ఎక్కువ ఉండేది. బాపుకు మాట మానేయడం వచ్చు, మళ్లీ మొదలుపెట్టడం రాదు. నేను ఆయన బిడ్డనే కదా, నాకూ రాదు. ఒకనాడు నేనూ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఒత్తుతూ, ఒక్క మాట అనలేక లేచి వస్తానేమో అని భయం. నర్సింగ్ కాలేజీ హాస్టల్లో ఆ ఆలోచన వస్తే పుస్తకం మూసేసేదాన్ని.

సెలవులకు ఇంటికి వచ్చిన ఆదివారం ఆరాధన అయిపోయింది. బాపు ట్రాలీ దగ్గరికి పోబోతున్నాడు, నేను వెనక గుమ్మం వైపు జారుకోబోతున్నాను.

"ఓ పిలగా, ఏడికి? ఈ కొస వట్టు. ఓ పిల్లా, నువ్వు ఆ కొస."

చర్చి మొత్తానికి చెప్పులు కనబడకుండా పోయాయి.

బాపు వచ్చి కొస పట్టాడు. దులిపాం. ఆయన గడ్డంతో ఒక వైపు చూపించాడు. నేను ఇంకో వైపు అనుకున్నాను. మెలిపడింది.

"మంచిగ రాలె. మల్ల ఇప్పుండ్రి."

ఈసారి ఆయన కనుబొమ్మలతో చూపించాడు. ఆ కనుబొమ్మల భాష నాకెక్కడ వస్తుంది? మళ్లీ మెలిపడింది. అవ్వ మళ్లీ విప్పమంది. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, బాపు ముఖం ఎర్రబడుతోంది, గుమ్మంలో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇంకోసారి మెలిపడేసరికి బాపు పేలిపోయాడు.

"అటు గాదే! ఎడమ దిక్కు! ఇంజినీరింగ్ ఇడిసిపెట్టినవ్, సరే. ఎడమ కుడి గూడ ఇడిసిపెట్టినవా?"

"నీ ఎడమ నాకు కుడి అయితది బాపూ! ఎవరి ఎడమనో చెప్పాలె గద!"

"చెప్తున్న గద ఇప్పుడు, నీ ఎడమ అని!"

"ఇప్పుడు చెప్తున్నవ్. ఇన్నొద్దులు ఏడవోయినవ్?"

ఆ మాట అంత గట్టిగా వస్తుందని నేనూ అనుకోలేదు. బాపు తన అంచును సరిచేసి, నా వైపు నడిచి వచ్చాడు. కొసలు నా చేతుల్లో పెట్టాడు. కారెట్లు కడిగి కడిగి పగిలిన చేతులు నా చేతులకు గరుకుగా తగిలాయి. వదల్లేదు.

"నువ్వన్న మాట్లాడకపోతివా?" అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా.

"నాకు రాలే బాపూ."

"నాకు గూడ రాలే బిడ్డా."

"ఆఁ, గిప్పుడు మంచిగొచ్చింది" అంది అవ్వ గోడ దగ్గర నుంచి. నిజానికి అన్ని మడతల్లోకీ ఆ మడతే వంకరగా ఉంది. ఒక పక్క చెయ్యంత బయటికి వేలాడుతోంది. అవ్వ దాన్ని అలాగే మూలగదిలో పెట్టించేసింది.

ఇంటికి పోయేదాకా బాపు ట్రాలీలో నన్ను తిడుతూనే ఉన్నాడు. నర్సింగ్ ఎందుకనీ, ఫీజు కట్టిన కాలేజీని ఎవరైనా వదులుతారా అనీ, ఊళ్లో తాను తల ఎక్కడ పెట్టుకోవాలి అనీ. నేనూ ఎదురు మాట్లాడుతూనే ఉన్నాను. మధ్యలో కూర్చున్న అమ్మ హాయిగా రోడ్డు చూసుకుంటూ, "ఇగ నాకు నౌకరి పోయింది" అని నవ్వింది. చదువు అయిపోయి నాకు ఉద్యోగం వచ్చిన నాడు ట్రాలీ వెనక ఆ నల్ల టేపు ఊడింది. పేరు పక్కన బీటెక్ చెరిపేసి, నర్సమ్మ అని రాయించాడు. పెయింటరుకు చోటు చాలక చివరి అక్షరం సగం లైటు మీదికి పోయింది.

ఒకసారి అవ్వ ఇంటి ముందు కూర్చుని, ఇద్దరం కొత్తిమీర కట్టలు కడుతున్నాం. ఇదంతా నీకెవరు నేర్పారు అవ్వా అని అడిగాను. తల ఎత్తకుండానే చెప్పింది.

"నన్ను గన్న అవ్వకు నాకు మాటల్లేకుండె. శాన ఏండ్లు. ఏం కొట్లాటనో ఇప్పుడు నాకే సక్కగ యాదికి లేదు. ఆమె పోయినంక ఆమె దుప్పటి ఉతికి ఆరేసిన. మడతవెడ్దమని తీసిన. పెద్ద దుప్పటి. ఒక్కదానికి రాదు గద. ఒక కొస కాలికింద తొక్కిన, ఒక కొస పండ్లతోని వట్టిన, రెండు కొసలు చేతులతోని వట్టిన. గిట్ల." కట్ట పక్కన పెట్టి, లేచి, నోటితో కొంగు కరుచుకుని, కాలు చాపి చేసి చూపించింది. చూస్తే కోతిలా ఉంది. ఆమెకే నవ్వు ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుందామంటే నోట్లో కొంగు ఉంది.

నేను నవ్వాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. "ఎందుకే, కండ్లల్ల కొత్తిమీర పడ్డదా?" అని ఇంకో కట్ట నా ఒళ్లో వేసింది.

తర్వాత చర్చికి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. మోకాళ్ల నొప్పులవాళ్లందరూ సంతోషించారు. అవ్వకూ మోకాళ్ల నొప్పులే, అయినా మూతి ముడుచుకుంది. "కుర్చీలకేమున్నది, ఒక్క మనిషి చాలు. ఒకదాంట్ల ఒకటి వెడ్తడు, పోతడు." జంపఖానాను ఎలుకలు కొడతాయని చెప్పి తన ఇంటికి తెప్పించుకుంది. ఆ తర్వాత ఊళ్లో ఇద్దరికి మాటలు పోతే, అవ్వ ఇంట్లో జంపఖానాకు ఎండ చూపించే అవసరం వచ్చేది. ఎండకాలం, వానకాలం అని లేదు.

ఆమెను సాగనంపిన రోజు, ఆమె వాకిట్లో టెంటు కింద ఆ జంపఖానానే పరిచారు. అయ్యగారు ప్రార్థనలో ఆమె పూర్తి పేరు చదివితే, నా పక్కనున్న ముసలమ్మ ఉలిక్కిపడి, "ఆమె ఎవరే? ఆమె గూడ పోయిందా?" అని అడిగింది. ఏడుస్తున్నవాళ్లం నవ్వు ఆపుకోలేకపోయాం. ఆ పేరు నేనిక్కడ రాయను. ఎవరికీ తెలియని పేరుతో ఆమెకేం పని? బండి కోసం అలిగిన కుర్రాడు ఇప్పుడు తండ్రి అయ్యాడు. వాడూ వాళ్ల నాయనా ఇద్దరూ కలిసి గుంత తవ్వారు. వీధి చివరింటి పిల్లలు పెద్దవాళ్లయి వచ్చి, ఇంటి మనుషుల వరసలో నిలబడి మట్టి వేశారు.

మట్టి చేసి తిరిగి వచ్చాక జనం ఒక్కొక్కరే లేచి వెళ్లారు. వాకిట్లో జంపఖానా ఖాళీగా మిగిలింది. ఎవరో దాన్ని ఉండచుట్టబోయారు.

"ఆగు" అన్నాడు బాపు. చెప్పులు విడిచి, నడుము పట్టుకుంటూ వంగి ఒక కొస అందుకున్నాడు. "రా బిడ్డా, ఆ కొస వట్టు."

దులిపాం. ఆమె వాకిట్లోని దుమ్మంతా ఎండలోకి లేచింది. "నీ ఎడమకు" అన్నాడు బాపు. "నాకు తెలుసు బాపూ" అన్నాను. అంచు అంచు మీదికి వచ్చింది. నడిచి వెళ్లి కొసలు అందించాను. ఆయన అందుకున్నాడు. మళ్లీ వంగాం, మళ్లీ నడిచాం. ఎక్కడా మెలిపడలేదు. మడత చదునుగా, నలుమూలలా సమంగా కూర్చుంది.

బాపు దాన్ని చాలాసేపు చూశాడు. అవ్వ నిలబడే గోడ వైపు చూశాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మంచిగ రాలె" అన్నాడు. "మల్ల ఇప్పు."

నేను విప్పాను.